తగ్గించమంటే ఎంత? ఎంతకి?

ఈ వారం వంటలకి కాస్త సెలవిచ్చి ఒక ఇంగ్లీషు ముచ్చట చెప్తాను. ‘ఈ వయసులో మనకెందుకమ్మా ఇంగ్లీషు’ అనకండి. నేను చేసిన పొరపాటు వింటే కావాలని మీరే అంటారు.

మా అత్తయ్యగారికి కీళ్ల వాపులు. క్రిందటేడు డాక్టరుగారు ప్రెడ్నిసలోన్ మాత్రలు రోజుకి 20 మిల్లీగ్రాములు వెయ్యమన్నారు. నెల తిరిగేసరికి వాపులు తీశాయి. ఇక మందు తగ్గిద్దామని చీటీ మీద ‘రెడ్యూస్ బై 5 ఎంజీ ఎవ్రీ వీక్’ అని రాశారు. మావారేమో క్యాంపులో ఉన్నారు. నేను తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివినదాన్ని. రెడ్యూస్ అంటే తగ్గించడమని తెలుసు, పక్కన 5 కనబడుతూనే ఉంది. ఇంకేం, మర్నాటి నుంచే 20 మానేసి 5 వేశాను.

మూడోరోజుకి అత్తయ్యగారు మంచం మీంచి లేవలేకపోయారు. ఒకటే నీరసం, లేస్తే కళ్లు తిరగడం, అన్నం సయించదు. కంగారుపడి ఆటోలో తీసుకెళ్లాను. డాక్టరుగారు విషయం అడిగి తల పట్టుకున్నారు. “‘బై 5’ అంటే వారానికి 5 చొప్పున తగ్గించమని అమ్మా. ముందు 15, తర్వాత 10, ఆ తర్వాత 5. మీరు చేసింది ‘టు 5’. అంటే ఒక్కసారే 5కి దింపేశారు” అన్నారు. మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయట. అవి మన ఒంటికి కావలసిన కార్టిసాల్ తయారుచేస్తాయి. ఈ రకం మాత్రలు వారాల తరబడి వాడితే అవి పని మందగించేస్తాయి. మందు ఉన్నట్టుండి తీసేస్తే వెంటనే అందుకోలేవు, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. దేవుడి దయవల్ల మళ్లీ పాత మోతాదు వేసి, నెమ్మదిగా తగ్గించాక అత్తయ్యగారు కోలుకున్నారు. కొందరు డాక్టర్లు ‘టేపర్’ అని రాస్తారు. అదీ ఇదే, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావడం.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే, ఈ తేడా మన తెలుగులోనూ ఉందండీ! వంకాయలు కిలో 60 అంటే “పది తగ్గించు” అంటాం, 50కి ఇస్తాడు. అదే “పదికి తగ్గించు” అని చూడండి, బండి తోసుకుని వెళ్లిపోతాడు. మనకి ‘కి’ ఎలాగో వాళ్లకి ‘టు’ అలాగ.

అప్పట్నుంచి మా అమ్మాయిని కూచోబెట్టి ఈ తగ్గించే మాటలన్నీ అడిగి తెలుసుకున్నాను. తీరా చూస్తే అన్నీ మనం రోజూ చేసే పనులే. ఇంగ్లీషు వంటల పుస్తకంలో ‘రెడ్యూస్’ అని ఉంటే తక్కువ పొయ్యమని కాదు, మరిగించి ఇగరబెట్టమని. మూడు గ్లాసుల పులుసుని ‘టు వన్ థర్డ్’ అంటే ఒక గ్లాసు మిగలాలి. ‘బై వన్ థర్డ్’ అంటే రెండు గ్లాసులు మిగలాలి. స్టౌ మీద ‘సిమ్’ అంటామే, అది ‘సిమ్మర్’ అన్న మాటకి పొట్టి రూపం. సన్నసెగ మీద మెల్లగా మరగడమన్నమాట. మంట తగ్గించడం ‘లోయర్’.

నూలు బట్ట తడిపితే కుంచించుకుపోవడం ‘ష్రింక్’. అందుకే జాకెట్టు లైనింగు గుడ్డ ఒకసారి తడిపి ఆరేసి ఇవ్వమంటాడు టైలరు. ‘ప్రీ ష్రంక్’ అని రాసి ఉంటే ముందే కుంచింపజేసిన బట్ట అని అర్థం. చేతుల పొడవు తగ్గించడం ‘షార్టెన్’. ప్రక్క కుట్లు లోపలికి వేసి వదులు తగ్గించడం ‘టేక్ ఇన్’. ఫినాయిల్ సీసా మీద ‘డైల్యూట్’ అని ఉంటే నీళ్లు కలిపి పలచన చెయ్యమని.

ఇంట్లో షుగరు ఉన్నవాళ్లుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. బిస్కట్ల ప్యాకెట్టు మీద ‘రెడ్యూస్డ్ షుగర్’ అంటే పంచదార బొత్తిగా లేదని కాదు, మామూలు వాటికన్నా తక్కువని మాత్రమే. అన్నట్టు, బరువు తగ్గడాన్ని వాళ్లు ‘లూజ్’ అంటారు, అంటే పోగొట్టుకోవడమట! మనం పోగొట్టుకుందామన్నా పోతేగా!

నవ్వులాటకేం గానీ, మందుల చీటీ దగ్గర మాత్రం మొహమాటపడకండి. అక్కడే నిలబడి తెలుగులోనే అడగండి. “ఎంత తగ్గించాలి? ఎంతకి తగ్గించాలి? ఎన్నాళ్లకి?” మూడే ముక్కలు. నేనిప్పుడు క్యాలెండరులో ఏ తేదీకి ఎంత మందో రాసి పెట్టుకుంటున్నాను. అత్తయ్యగారు కూడా కళ్లజోడు పెట్టుకుని ఒకసారి చూసుకున్నాకే మాత్ర నోట్లో వేసుకుంటున్నారు. పైగా “బై యేనా, టు వా?” అని నన్నే అడుగుతున్నారు!

మీకూ ఇలాంటి అనుభవాలుంటే రాయండి. వచ్చేవారం మళ్లీ కలుద్దాం.