అవసరం మనది, కొలత ఎవరిది?



ఇలాంటి సంచికల్లో డాక్టరు కండి, ఇంజనీరు కండి అని రాయడం ఆనవాయితీ. ఈసారి ఆ రెంటికీ మధ్యనున్న ఒక పని గురించి రాస్తున్నాను. వైద్య పరికరాన్ని తయారుచేసే ముందు, దాన్ని వాడేవారి అవసరం తెలుసుకుని, కొలతలతో కూడిన షరతులుగా రాయడమే ఆ పని. ఈ పనిలోకి మనలాంటి కుటుంబాల పిల్లలు రావాలని, అప్పుడే ఆ పరికరాలు మన ఊళ్ళలో సరిగా పనిచేస్తాయని నా గట్టి అభిప్రాయం.

ఉప్పాడ వాళ్ళకు ఈ సంగతి అర్థం కావడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన మన జాందానీ చీరనే తీసుకోండి. కొనేవారు వచ్చి "తేలిగ్గా ఉండాలి, పెళ్ళిలో కట్టుకునేలా ఉండాలి" అంటారు. ఆ ఒక్క మాట పట్టుకుని మగ్గం మీద కూర్చుంటే పని జరగదు. నూలు కౌంట్ ఎంత, పొడవెంత, అంచు ఎన్ని అంగుళాలు, బుటాకీ బుటాకీ ఎడం ఎంత అన్నది ముందు తేలాలి. కొనేవారు చెప్పింది అవసరం. నేతగాడు లెక్కగట్టుకున్నది షరతు. అవసరం నోటిమాటగా ఉంటుంది. షరతును కొలిచి చూడవచ్చు. వైద్య పరికరాల విషయంలోనూ సూత్రం ఇదే. కాకపోతే చీరలో లెక్క తప్పితే డబ్బు పోతుంది, పరికరంలో తప్పితే ప్రాణం పోవచ్చు.

హైదరాబాదులో 1990లలో జరిగిన ఒక సంగతి చూడండి. నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు అబ్దుల్ కలాం గారి లేబొరేటరీకి వెళ్ళి, అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. వెంటనే కలాం గారిని తన ఆసుపత్రికి తీసుకువెళ్ళి, మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లతో కాళ్ళీడ్చుకుంటూ నడిచే పిల్లలను చూపించారు. ఆ తర్వాత మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారుచేశామని కలాం గారే తమ ప్రసంగంలో చెప్పారు. ఆ పదార్థం అంతకుముందే లేబొరేటరీలో ఉంది. శాస్త్రవేత్తలూ ఉన్నారు. పిల్లల అవసరం మాత్రం ఆ గది దాకా రాలేదు. దాన్ని అక్కడికి చేర్చిన డాక్టరు గారి పాత్ర కలాం గారి పాత్రకు ఏమాత్రం తీసిపోదు.

జైపూర్ కాలు కథ కూడా అలాంటిదే. 1960ల చివర్లో రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి దాన్ని రూపొందించారు. అప్పటి విదేశీ కృత్రిమ పాదం బూటు వేసుకుని, కుర్చీలో కూర్చునే మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసింది. మన రైతు ఉత్తకాళ్ళతో బురదలో నడుస్తాడు, బాసింపట్టు వేసుకుని అన్నం తింటాడు, గొంతుక్కూర్చుని పనిచేస్తాడు. వీటన్నిటినీ షరతులుగా తీసుకున్నారు కాబట్టే ఆ రబ్బరు పాదం దేశదేశాలకు వెళ్ళింది.

అడగడం మరిచిపోతే ఏమవుతుందో కోవిడ్ కాలంలో తెలిసింది. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు చర్మం గుండా కాంతిని పంపి రక్తంలో ఆక్సిజన్‌ను అంచనా వేస్తుంది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనం ప్రకారం, ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా ఆ పరికరం పసిగట్టలేకపోవడం తెల్లజాతి రోగులతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా ఉంది. "అన్ని రంగుల చర్మాల మీదా సరిగ్గా చూపాలి" అన్న అవసరానికి మొదట్లోనే తగినంత గట్టి షరతు ఉండవలసింది.

ఇక మన తీరానికి వద్దాం. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త కోసం ఒక బి.పి. మిషన్ తయారుచేయాలనుకోండి. అవసరాలను షరతులుగా ఇలా మార్చాలి.

1. "ఉప్పుగాలికి పాడవకూడదు." దీనికి ప్రామాణిక పరీక్ష ఉంది. 35 డిగ్రీల వేడిలో, 5 శాతం ఉప్పునీటి తుంపర మధ్య పరికరాన్ని ఉంచుతారు. ఎన్ని గంటలు తుప్పు పట్టకుండా నిలవాలో అంకె వేసి రాయాలి.

2. "బక్కచేతికీ సరిపోవాలి." చేతి చుట్టుకొలత 27 నుంచి 34 సెంటీమీటర్లుంటే మామూలు పట్టీ, 22 నుంచి 26 ఉంటే చిన్నపట్టీ కావాలి. పట్టీ పెద్దదైతే బి.పి. తక్కువగా, చిన్నదైతే ఎక్కువగా చూపిస్తుంది. కాబట్టి రెండు పట్టీలూ పెట్టెలోనే ఉండాలని రాయాలి.

3. "మోయడానికి తేలిగ్గా ఉండాలి, కరెంటు పోయినా పనిచేయాలి." ఎన్ని గ్రాములు మించకూడదో, ఒకసారి ఛార్జి చేస్తే ఎంతమందికి చూడగలగాలో రాయాలి.

4. "ఎండలో అంకెలు కనబడాలి, సూచనలు తెలుగులో ఉండాలి." అంకె ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లో, ఎంత దూరం నుంచి చదవగలగాలో రాయాలి.

పరికరం తయారయ్యాక రెండు ప్రశ్నలు వేసుకోవాలి. రాసుకున్న షరతుల ప్రకారమే తయారైందా? దీన్ని వెరిఫికేషన్ అంటారు. వాడేవారి అవసరం నిజంగా తీరిందా? దీన్ని వాలిడేషన్ అంటారు. మొదటిదాంట్లో నెగ్గి రెండోదాంట్లో ఓడిపోయే పరికరాలుంటాయి. మన దేశంలో 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన వైద్య పరికరాల నిబంధనలు, 2017 కూడా ఈ రెండు పరీక్షల గురించీ చెబుతున్నాయి. ఆటోమేటిక్ బి.పి. మిషన్లకు అంతర్జాతీయ ప్రమాణం కనీసం 85 మంది మీద పరీక్షించాలంటుంది. ఆ 85 మందిలో చేపల గంప మోసే తల్లి చెయ్యి ఒక్కటైనా ఉందా అని అడిగే మనిషి ఆ గదిలో ఉండాలి కదా!

ఊరికో రకం మిషన్ చేస్తే ధర పెరిగిపోదా అని కొందరు అడుగుతారు. ఊరికో మిషన్ చేయమని ఎవరూ అనడం లేదు. అన్ని ఊళ్ళ అవసరాలూ ముందే కాగితం మీదికి రావాలంటున్నాం. కాగితం మీద ఒక అంకె దిద్దడానికి ఖర్చు లేదు. అచ్చులు పోసి, వేల పరికరాలు అమ్మాక దిద్దాలంటేనే ఖర్చు. అలాగని అడిగిన ప్రతిదీ షరతు కానక్కర్లేదు. చవకగా ఉండాలన్న కోరికా, తప్పు చూపకూడదన్న అవసరమూ పోటీపడితే రెండోదే నెగ్గాలి. ఏది వదిలినా రోగికి ప్రమాదమో దాన్ని వదలకూడదు.

పరికరం మూలపడితే "నర్సుకి వాడడం చేతకాలేదు" అనేస్తారు. చాలాసార్లు అది ఆమె తప్పు కాదని, ఆమెను అడగకుండా చేసినవారిదని నేనంటాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మనం అడగాలి. అడిగేటప్పుడు కొలతతో అడగాలి.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వల లాగిన చేతులు, మగ్గం గుంటలో గంటల తరబడి కూర్చున్న నడుములు, కూలి మానుకుని ఆసుపత్రి వరుసలో నిలబడడం మనం ఇంట్లో చూసినవే. దాన్ని చిన్నతనంగా భావించకండి. పరికరాలు చేసేవారికి కావలసిన సమాచారం అదే. విశాఖపట్నంలో 2018 డిసెంబరులో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్‌లో పరికరాల తయారీ, పరీక్ష ఒకేచోట జరుగుతున్నాయి. ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజనీరింగ్ చదువుంది. మెకానికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవారికీ, నర్సింగ్ చదివినవారికీ ఈ రంగంలో చోటుంది.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. ఇంట్లోనో, ఇరుగుపొరుగునో మందు వేసుకునేవారిని, సూది వేసుకునేవారిని, కళ్ళజోడు పెట్టుకునేవారిని ఎక్కడ ఇబ్బందిగా ఉందో అడగండి. వారి మాట వారన్నట్టే నోటు పుస్తకంలో ఎడమవైపు రాయండి. కుడివైపు దానికి తగిన కొలత రాయండి. కొలత తెలియకపోతే మీ సైన్సు మాస్టారిని అడగండి. హాస్టల్ నుంచి ఏటా పది మంది ఇలా రాసినా, మన ఊళ్ళ అవసరాలు మన చేతిరాతలోనే పరికరాలు చేసేవారి బల్ల మీదికి వెళతాయి.