ఆటోమేటిక్కే... మరి ఆయిలో?

'ఆటోమేటిక్ కారు కదా, గేర్లతో మనకేం పని?' అనుకుంటారు చాలామంది. ఇంజిన్ ఆయిల్‌ని ఠంచనుగా మార్పించేవాళ్లు కూడా గేర్‌బాక్సులో ఇంకో ఆయిల్ ఉంటుందన్న సంగతి మర్చిపోతారు. పదేళ్లు దాటిన సెడాన్‌కి ఆ మరుపే చేటు. గేర్‌బాక్సు విప్పాల్సి వస్తే ఆ బిల్లు ఒక్కోసారి పాత కారు ధరతోనే పోటీపడుతుంది మరి!

మామూలు గేర్‌బాక్సులో ఆయిల్ పని ముఖ్యంగా పళ్లచక్రాలు అరగకుండా చూడటమే. ఆటోమేటిక్‌లో అలా కాదు. ఇంజిన్ శక్తిని గేర్లకు అందించేదీ, లోపలి క్లచ్‌లను నొక్కి గేరు మార్చేదీ, వేడిని మోసుకుపోయేదీ అదే. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ వెళ్లే కారులో ఆ వేడి మరీ ఎక్కువ. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ ముదురు గోధుమరంగుకి తిరిగి మాడువాసన వేస్తోందంటే ఆలస్యం చేయకూడదు.

ఏ ఆయిల్ పోయించాలన్నది కారు పేరుని బట్టి తేల్చుకోవద్దు. 2010 నాటి హోండా సిటీ ఆటోమేటిక్‌లో ఉన్నది ఐదు గేర్ల పెట్టె. 2014లో వచ్చిన సిటీలో సీవీటీ. మొదటిదానికి డీడబ్ల్యూ-1 రకం, రెండోదానికి హెచ్‌సీఎఫ్-2. 'అన్నీ ఒకటే సార్' అనే మెకానిక్ దగ్గర కాస్త జాగ్రత్త! కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో ఏముందో చూసి, డబ్బా మీద పేరు కూడా మీరే చదవండి.

ఆయిల్ మట్టం చూడటంలోనూ తేడాలున్నాయి. చాలా కార్లలో ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి. ఆ ఐదు గేర్ల సిటీలో మాత్రం బండి బాగా వేడెక్కాక, చదును నేల మీద ఆపి, ఇంజిన్ ఆపేసిన నిమిషం, నిమిషంన్నర లోపు చూడాలి. కొన్ని కార్లకు అసలు గేజుపుల్లే ఉండదు, షెడ్డుకి వెళ్లాల్సిందే.

కింది బోల్టు విప్పితే ఆయిలంతా వచ్చేయదు. చాలావరకు టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే ఒకసారి మార్చి, కొన్నాళ్లు నడిపి, మళ్లీ మార్పిస్తారు. ఏళ్లతరబడి ఎవరూ ముట్టని గేర్‌బాక్సుకి ప్రెషర్‌తో కడిగించడంకన్నా ఇదే మేలు.

రివర్సు నుంచి 'డి'లోకి మార్చేముందు బండి పూర్తిగా ఆగాలి. వాలులో నిలిపేటప్పుడు ముందు హ్యాండ్‌బ్రేకు, ఆ తర్వాతే 'పి'. లేకపోతే కారు బరువంతా లోపలుండే ఓ చిన్న కొక్కెం మీద పడుతుంది. 'డి' దీపం మిణుకుమిణుకుమంటుంటే వెంటనే చూపించండి.

దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు. ఇంజిన్ తిరగనప్పుడు ఆయిల్ పంపూ తిరగదు, చక్రాలతోపాటు గేర్లు మాత్రం పొడిగా తిరుగుతుంటాయి. డబ్బులెక్కువైనా, కారుని పూర్తిగా ఎక్కించుకుపోయే బండినే పిలిపించండి.