ఊరూ పేరూ లేని గేర్‌బాక్స్‌ని గుర్తుపట్టడం ఎలా?

ఆటోమేటిక్ కారుకి గేర్‌బాక్స్ పోయిందంటే యజమాని గుండెల్లో రాయి పడినట్టే. కొత్తది ఎంతవుతుందని షోరూమ్‌లో అడిగితే, వాళ్లు చెప్పే అంకె విని కాసేపు మాట రాదు. అప్పుడు మెకానిక్ మెల్లగా అంటాడు: "సార్, సెకండ్ హ్యాండ్‌ది దొరుకుతుంది, చూద్దామా?"

అక్కడితో వేట మొదలు. విజయవాడ ఆటోనగర్ కావచ్చు, చెన్నై పుదుపేట కావచ్చు, ఢిల్లీ మాయాపురి కావచ్చు. షాపు ముందు మట్టి, నూనె కొట్టుకుపోయిన అల్యూమినియం ముద్ద ఒకటి పడి ఉంటుంది. దాని మీద స్టిక్కర్ లేదు, పేరు పలక లేదు. షాపాయన మాత్రం "కళ్లు మూసుకుని తీసుకెళ్లండి, మీ బండిదే" అంటాడు.

కళ్లు మూసుకోవద్దు. ఇక్కడే బాగా తెరవాలి. స్టిక్కర్ ఊడిపోవచ్చు, మార్చేయొచ్చు. అమ్మేవాడు పొరబడొచ్చు. పోత పోసిన లోహం, చెక్కిన పళ్లు, బోల్టుల లెక్క మాత్రం అబద్ధం ఆడవు. వాటిని చదవడం రాకెట్ సైన్సేమీ కాదు.

బోల్టులు లెక్కపెట్టే విద్య

ఈ విద్యలో ఆరితేరినవాళ్లు అమెరికాలో పాత కార్లు బాగుచేసుకునేవాళ్లు. అక్కడ జనరల్ మోటార్స్ గేర్‌బాక్స్‌లు దశాబ్దాలుగా చేతులు మారుతూ వస్తున్నాయి. వాళ్లు ముందుగా చూసేది అడుగున ఉండే ఆయిల్ పాన్. మన మెకానిక్‌లు ఛాంబర్ అంటారే, అదే. దానికి ఎన్ని బోల్టులున్నాయి, దాని ఆకారం ఏమిటి అన్న రెండు ప్రశ్నలకే సగం గుట్టు బయటపడుతుంది.

14 బోల్టులుంటే పాత రెండు గేర్ల పవర్‌గ్లైడ్. 13 బోల్టులుండి, చదరపు పాన్‌కి ఒక మూల కోసినట్టుంటే టర్బో 350. అవే 13 బోల్టులుండి, పాన్ వంకరటింకరగా ఏదో దేశం మ్యాప్‌లా ఉంటే టర్బో 400. 16 ఉండి దీర్ఘచతురస్రంలా ఉంటే 700ఆర్4. 17 ఉంటే బరువు బండ్లకి వాడే 4ఎల్80ఈ.

చూశారుగా, 350కీ 400కీ బోల్టుల లెక్క ఒకటే. అందుకే ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు. రెండో సాక్షిని పిలవాలి. వెనక బయటికొచ్చే షాఫ్ట్ మీద పళ్ల గాడులు లెక్కపెడితే 350కి 27, 400కి 32. ఇక సందేహం లేదు.

మరో చిక్కు. 700ఆర్4కీ, దాని నుంచే పుట్టి 1993లో వచ్చిన ఎలక్ట్రానిక్ 4ఎల్60ఈకీ పాన్ బోల్టులు 16 చొప్పునే. పాతదానికి యాక్సిలరేటర్ నుంచి ఒక కేబుల్ వచ్చి తగులుకుంటుంది. కొత్తదానికి ఆ కేబుల్ ఉండదు, పెద్ద వైరింగ్ కప్లర్ ఉంటుంది. కంప్యూటర్ లేని పాత కారుకి రెండోది తెచ్చి బిగిస్తే, విడిగా కంట్రోలర్ కొని పెడితే తప్ప గేర్లు సరిగా మారవు.

మన కార్ల దగ్గరికొద్దాం

మన దగ్గర ఆటోమేటిక్ అన్న ఒక్క మాట కింద నాలుగు రకాలున్నాయి. టార్క్ కన్వర్టర్ రకం, సీవీటీ, డ్యూయల్ క్లచ్, ఏఎంటీ. ముందు తేల్చుకోవాల్సింది ఇది వీటిలో ఏదన్నదే.

అంతకంటే ముందు ఇంకో తేలికైన ప్రశ్న. చక్రాలకి శక్తి ఎటు నుంచి బయటికొస్తోంది? గేర్‌బాక్స్ పొడుగ్గా ఉండి, వెనక ఒకే షాఫ్ట్ బయటికొస్తే అది ఇన్నోవా క్రిస్టా, ఫార్చూనర్ లాంటి, ఇంజన్ నిలువుగా కూర్చునే బండిది. పొట్టిగా ఉండి, రెండు పక్కలా యాక్సిల్ దూరే రంధ్రాలుంటే ముందు చక్రాలు తిరిగే కారుది. ఈ ఒక్క చూపుతో షాపులో సగం సరుకు పక్కకి పోతుంది.

ఇప్పుడు ఇంజన్‌కి బిగించే వైపు, అంటే బెల్ హౌసింగ్‌లోకి తొంగిచూడండి.

ఒకే షాఫ్ట్, దాని మీద రిలీజ్ బేరింగ్, క్లచ్ ఫోర్క్ ఉండి, పైన మోటారు డబ్బాలాంటి యాక్చుయేటర్ కూర్చుని ఉందా? అది ఏఎంటీ. మాన్యువల్ గేర్‌బాక్స్‌కే గేర్లు మార్చే యంత్రం తగిలించినది. 2014లో సెలెరియోతో మన దేశంలో మొదలైంది ఇదే.

ఒకదాని లోపల ఒకటిగా రెండు షాఫ్టులు కనిపిస్తున్నాయా? తొందరపడి డ్యూయల్ క్లచ్ అనేయకండి. కన్వర్టర్ తీసేసిన మామూలు ఆటోమేటిక్ కూడా చూడటానికి అలాగే ఉంటుంది. చేత్తో తిప్పి చూడండి. బయటి గొట్టం కదలకుండా బిగిసి ఉండి లోపలిది మాత్రమే తిరిగితే అది టార్క్ కన్వర్టర్ కూర్చునే చోటు. రెండూ తిరిగేవే అయితే డ్యూయల్ క్లచ్.

సీవీటీతో ఇబ్బంది ఏమిటంటే, చాలావాటికి టార్క్ కన్వర్టర్ కూడా ఉంటుంది. కాబట్టి బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. లోపల గేర్ల వరసకి బదులు శంకువుల్లాంటి రెండు పుల్లీలు, వాటి మధ్య ఉక్కు బెల్టు ఉంటాయి. కవర్ తీయించి చూడాల్సిందే. సన్న కెమెరా లోపలికి పంపి చూపించే మెకానిక్‌లూ ఉన్నారు. అడగడానికి మొహమాటపడకండి.

పాత హోండా ఆటోమేటిక్‌ల తీరే వేరు. లోపల మాన్యువల్ గేర్‌బాక్స్‌లా పక్కపక్కన షాఫ్టులు, వాటి మీద గేర్లు ఉంటాయి. అడుగున విప్పే ఛాంబర్ ఉండదు. డ్రెయిన్ బోల్టు మధ్యలో రాచెట్ దూర్చే చదరపు గుంట ఉంటుంది. ఆ గుంట కనిపిస్తే హోండా అని గట్టిగా అనుమానించవచ్చు.

మోడల్ పేరు చాలదు

"ఏ కారుది?" అని అడిగితే షాపాయన పేరు చెప్తాడు. ఆ పేరు సరిపోదు.

ఎకోస్పోర్ట్ సంగతే చూడండి. 2013లో వచ్చిన పెట్రోల్ ఆటోమేటిక్‌కి 6 గేర్ల డ్యూయల్ క్లచ్. 2017 చివర్లో కొత్త రూపం వచ్చాక 6 గేర్ల టార్క్ కన్వర్టర్. పేరు ఒకటే, గేర్ల సంఖ్య ఒకటే, లోపల సంబంధమే లేదు. పైగా 2021లో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పాత సామాన్ల కోసం తిరిగే ఎకోస్పోర్ట్ యజమానులు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

పోలో అంతే. 2013 జీటీ టీఎస్ఐకి 7 గేర్ల డ్యూయల్ క్లచ్, 2020లో వచ్చిన 1.0 టీఎస్ఐకి 6 గేర్ల టార్క్ కన్వర్టర్. హోండా సిటీ అంతే. 2008 తరానికి 5 గేర్ల ఆటోమేటిక్, 2014 తరానికి సీవీటీ.

తేడా తెలియకపోతే ఏమవుతుంది? బిగకపోతే మంచిదే, వెంటనే తెలిసిపోతుంది. బిగిస్తేనే ప్రమాదం. ఒకే కుటుంబానికి చెందిన గేర్‌బాక్స్ పెట్రోల్‌కీ డీజిల్‌కీ వాడినప్పుడు లోపలి నిష్పత్తులు వేరుగా ఉండొచ్చు. బండి కదులుతుంది కానీ లాగదు, మీటర్ మీద లైటు ఆరదు. ఇక సీవీటీని మామూలు ఆటోమేటిక్ అనుకుని అందులో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి, పుల్లీలు గీసుకుపోతాయి. అంతా కలిపి కూలీ రెండుసార్లు, గేర్‌బాక్స్ డబ్బులు నీళ్లపాలు.

అంకెల సంగతి

వైర్ బ్రష్, కాస్త కిరసనాయిలు తీసుకుని మట్టి వదిలిస్తే సాధారణంగా ఏవో అంకెలు కనిపిస్తాయి. ఉబ్బెత్తుగా పోతలోనే వచ్చిన అంకె ఆ పైపెంకుది మాత్రమే. అదే పెంకు చాలా రకాల్లో వాడతారు. లోపలికి గుద్దిన అంకె అసలు గేర్‌బాక్స్‌ది. మీకు కావాల్సింది రెండోది. పెంకు మీద ఐసిన్, జాట్కో అని పేరు కనిపించినా సంబరపడకండి. అది తయారుచేసినవాళ్ల పేరు, కారు పేరు కాదు. ఒకే తయారీదారు ఎన్నో కంపెనీలకి సరఫరా చేస్తాడు.

గుద్దిన అంకె ఉండాల్సిన చోట గ్రైండర్ పెట్టి అరగదీసిన గుర్తులుంటే? బేరం ఆపి బయటికొచ్చేయండి. అరిగిపోవడం వేరు, అరగదీయడం వేరు. దొంగసొత్తని తెలిసీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. తర్వాత తెలియదని చెప్పుకోవడం కన్నా ముందే వదిలేయడం సుఖం.

కొనేముందు

అన్నిటికంటే మంచి పద్ధతి, మీ పాత గేర్‌బాక్స్‌ని విప్పించి పక్కన పెట్టుకుని పోల్చడం. అది కుదరకపోతే కనీసం ఐదు ఫొటోలు తీసుకెళ్లండి. బెల్ హౌసింగ్ ముఖం, బోల్టు రంధ్రాలతో సహా. ఆయిల్ పాన్ లేదా అడుగుభాగం. వైరింగ్ కప్లర్, లోపలి పిన్నులు లెక్కపెట్టేంత దగ్గరగా. మౌంటింగ్ బిగించే చెవులు. యాక్సిల్ దూరే చోటు.

ఐదింటిలో నాలుగు కలిసి ఒకటి కలవకపోతే, "అడ్జస్ట్ చేసేద్దాం సార్" అన్న మాటకి లొంగకండి. ఆ కలవని ఒక్కటే రేపు మీ బండిని రోడ్డు మధ్యలో ఆపేది. టార్క్ కన్వర్టర్ రకమైతే కన్వర్టర్ కూడా దానితో పాటే తీసుకోండి. బిల్లు మీద గుద్దిన అంకె రాయించి, సరిపోకపోతే వాపసు తీసుకుంటామని ఒక్క వాక్యం పెట్టించండి. నిజంగా మీ బండిదే అని నమ్మకం ఉన్న షాపాయనకి ఆ వాక్యం రాయడం కష్టం కాదు. పెన్ను పట్టుకోవడానికి వెనకాడితే, మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.