కూచిపూడిలో ఒక్క రాత్రి ఆగుతారా?

2016 డిసెంబర్‌లో విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో 6,117 మంది కలిసి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. గొప్పే, కాదనను. కానీ టూరిస్టు అడిగేది రికార్డు గురించి కాదు కదా! "నేనొచ్చిన రోజు నాట్యం ఉంటుందా?" అని.

బెజవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా కూచిపూడి 60 కిలోమీటర్ల లోపే. పొద్దున వెళ్ళి, ఫోటోలు దిగి, మధ్యాహ్నానికి తిరిగొచ్చెయ్యొచ్చు. గది అద్దె, భోజనం డబ్బులూ బెజవాడ హోటళ్ళకే. ఊరికి మిగిలేది ఓ టీ, ఓ కూల్ డ్రింకు.

ఫోర్ట్ కొచ్చిలో రోజూ సాయంత్రం కథాకళి ఉంటుంది. ముందుగా వెళ్తే మేకప్ వేసుకోవడం కూడా చూడొచ్చు. ఇక ఆ రాత్రికి అక్కడే బస!

మనకేం తక్కువ? సాయంత్రం భామాకలాపం చూసి పడుకుంటే, పొద్దున్నే క్షేత్రయ్య గారి మొవ్వ, ఘంటసాల బౌద్ధ స్తూపం, రాయలవారికి ఆముక్తమాల్యద రాయమని కలొచ్చిన కృష్ణా జిల్లా శ్రీకాకుళం... అన్నీ దగ్గరే.

అందుకే ముందు కావలసింది స్టార్ హోటల్ కాదంటాను. వారానికి రెండు సాయంత్రాలు, పదిమందే వచ్చినా ఆగని ప్రదర్శన. ఊళ్ళో నాలుగు శుభ్రమైన గదులు. అప్పుడే నాట్యం నేర్చిన కుర్రాడికి సొంతూళ్ళో సంపాదన. లేకపోతే వాడూ మనలాగే హైదరాబాదు బస్సెక్కుతాడు.

మీరేమంటారు?