నక్షత్రాన్ని తూచే కాటా

విశాఖ రేవుకు సరుకు తెచ్చిన లారీని కాటా మీదికి ఎక్కించి తూస్తారు. సూర్యునికంటె బరువైనదై, పాతిక కిలోమీటర్ల వ్యాసమైనా లేని న్యూట్రాన్ నక్షత్రాన్ని ఏ కాటా మీద తూస్తారు? మొన్న తరగతిలో ఒక విద్యార్థి వేసిన ప్రశ్న ఇది. తెలుగు ఉపన్యాసకుణ్ణే అయినా తప్పించుకోబుద్ధి కాలేదు. (బరువు అంటున్నాను గాని, భౌతికశాస్త్రం వారు ద్రవ్యరాశి అనమంటారు.)

ఒంటరి నక్షత్రాన్ని తూచడం దుస్సాధ్యం. తోడున్నదానిని ఆ తోడే తూచిపెడుతుంది. 1971లో ఉహురు ఉపగ్రహం సెంటారస్ ఎక్స్-3 నుండి 4.8 సెకన్లకొక ఎక్స్-కిరణ స్పందనను పసిగట్టింది. ఆ స్పందనలు కొంతసేపు ముందుగా, కొంతసేపు ఆలస్యంగా వచ్చేవి. అంటే ఆ తార మనవైపు వస్తూ, పోతూ తన తోడుచుట్టూ 2.09 రోజులకొకమారు తిరుగుతున్నదన్నమాట. తోడుతార వేగాన్ని దాని వర్ణపటరేఖలు చెబుతాయి. రెండు వేగాల నిష్పత్తే ద్రవ్యరాశుల నిష్పత్తి. కక్ష్య ఎంత వాలి ఉన్నదో తెలియకపోతే లెక్క తేలదు. అక్కడ గ్రహణం ఆదుకుంటుంది. అయితే ఆ దగ్గరితనమే చిక్కు కూడా. న్యూట్రాన్ తార ఆకర్షణకు తోడుతార ఆకారం సాగిపోతుంది, ఎక్స్-కిరణాలకు ఒకవైపు వేడెక్కుతుంది, రేఖలు తప్పుదారి పట్టిస్తాయి. 1974లో హల్స్, టేలర్ కనుగొన్న జంటలో ఈ బాధ లేదు. ఐన్‌స్టీన్ సిద్ధాంతం తోడ్పాటుతో ఆ రెండూ సూర్యునికి 1.44, 1.39 రెట్లని తేలింది. 2010లో దాదాపు 2 రెట్ల తార తూకానికి రాగా, అంత భారాన్ని మోయలేని సిద్ధాంతాలు కొన్ని మూలబడ్డాయి.

ఇదంతా ఇంగ్లీషులోనే చెప్పదగినదని మనలో చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. 1840లో ఈ విశాఖలోనే గోడే వెంకట జగ్గారావు గారు సొంతంగా వేధశాల నెలకొల్పారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందింది. ఆ విశ్వవిద్యాలయం ఆనాడు విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలోనే బోధించేది. దాని రంగాపూర్ వేధశాలలో 1968లో వెలసిన 48 అంగుళాల దూరదర్శినితో గ్రహణ జంట నక్షత్రాలనే పరిశీలించారు. మన సంచికలో మాత్రం ఉర్దూ, తెలుగు పుటలు కవితలకూ కథలకే పరిమితం. నేను సాహిత్యం వాణ్ణే, కవితలకు శత్రువును కాను. అయినా వచ్చే సంచికలో ఒక్కొక్క భాషకు నాలుగేసి పుటలు విజ్ఞానానికి కేటాయించవలసిందిగా కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాను. తెలుగులో మొదటి వ్యాసానికి ఆ ప్రశ్న వేసిన విద్యార్థిని ఇప్పటికే పురమాయించాను.