సముత్థాన వ్యయం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ నగరం కంటే ముందుగా మేల్కొంటుంది. తూర్పు తెల్లవారక మునుపే మరబోట్లు జెట్టీకి చేరుతాయి. కలాసీలు చేపల బుట్టలను ఒడ్డుకు దించుతారు. వేలంపాట మొదలవుతుంది. వంజరం, చందువ, కానాగంతలు, రొయ్యలు ఐసుతో పాటు పెట్టెలలోకి చేరి లారీలెక్కుతాయి. చిల్లరగా సరుకు కొనుక్కున్న స్త్రీలు గంపలతో ఆటోలెక్కి ఊరి నలుమూలలకూ బయలుదేరుతారు. అదే దారిలో ఓడరేవుకు వచ్చిపోయే భారీ కంటైనర్ లారీలు తిరుగుతుంటాయి. సముద్రం మీద రోజుల తరబడి అలలతో పోరాడి క్షేమంగా తిరిగి వచ్చిన మనిషికి, ఒడ్డున రోడ్డు దాటడం మరొక గండంగా పరిణమిస్తున్నది.

2023 నవంబర్ 19వ తేదీ అర్ధరాత్రి ఈ హార్బర్‌లో ఘోరమైన అగ్నిప్రమాదం జరిగింది. సుమారు 40 మరబోట్లు దగ్ధమయ్యాయి. పడవ విలువలో 80 శాతం మొత్తాన్ని పరిహారంగా ఇస్తామని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అది సముచితమైన నిర్ణయం. పడవకు విలువ కట్టడం సాధ్యమయింది. దాని పొడవు, ఇంజను, వలలు, కొన్ననాటి ధర, వీటన్నిటికీ ఒక లెక్క ఉంది. మరి ఆ పడవ మీద వల లాగే చేతికి విలువ ఎంత? లారీ ఢీకొని ఆ చెయ్యి పట్టు కోల్పోతే ఎవరు లెక్క కడతారు? ఏ కొలతతో కడతారు? ప్రమాదబాధితులకు పరిహారం అందాలని అందరూ అంటారు. అది న్యాయమైనదిగా ఉండాలంటే ఏం కావాలో ఆలోచించేవారు తక్కువ.

మన ప్రాచీన ధర్మశాస్త్రాలలో 'సముత్థాన వ్యయం' అనే చక్కని మాట ఉంది. సముత్థానం అంటే తిరిగి లేచి నిలబడడం. ఇతరుని శరీరానికి బాధ కలిగించినవాడు దండుగ చెల్లించినంత మాత్రాన సరిపోదనీ, గాయపడినవాడు తిరిగి లేచేంతవరకు అయ్యే వ్యయాన్ని కూడా భరించాలనీ యాజ్ఞవల్క్య స్మృతి విధించింది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకొని, 13వ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయం' అనే ధర్మశాస్త్ర గ్రంథాన్ని తెలుగులో రచించాడు. న్యాయం సామాన్యునికి తెలిసిన భాషలో ఉండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. బండి తోలేవానికి నేర్పు లేక ప్రమాదం జరిగితే బండి యజమాని దండనకు పాత్రుడవుతాడని మనుస్మృతి చెప్పింది. డ్రైవరు చేసిన తప్పుకు వాహన యజమాని బాధ్యత వహించాలన్న నేటి న్యాయసూత్రానికి అది దగ్గరగా ఉంది. అయితే ఆ స్మృతులలో దండనలు వర్ణభేదాన్ని బట్టి మారాయి. ఆ అసమానత మనకు అంగీకారం కాదు. సముత్థానమనే భావన మాత్రం నేటికీ విలువైనదే. పరిహారం జాలిపడి వేసే భిక్ష కాదు, పడినవానిని తిరిగి నిలబెట్టడానికి అయ్యే ఖర్చు.

పూర్వపు వ్యాఖ్యాతలు ఆ ఖర్చులో మందులు, పథ్యం వంటి వాటిని చేర్చారు. నేటి చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఏర్పడిన ట్రిబ్యునల్, తనకు న్యాయమని తోచిన పరిహారాన్ని నిర్ణయించాలి. వైద్య ఖర్చులు, పనికి పోలేని కాలంలో కోల్పోయిన సంపాదన, మున్ముందు తగ్గే సంపాదన, అనుభవించిన నొప్పి, కోల్పోయిన జీవనసుఖం, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. వీటిలో అత్యంత కీలకమైనది, అతి తరచుగా అన్యాయం జరిగేది, మున్ముందు తగ్గే సంపాదన విషయంలోనే.

దీనిని ఒక ఊహాజనితమైన ఉదాహరణతో పరిశీలిద్దాం. 32 ఏళ్ల కలాసీ ఒకడు ప్రమాదంలో కుడి చేతి పట్టు కోల్పోయాడనుకుందాం. అతని సగటు నెలసరి ఆదాయం 12,000 రూపాయలు. ఏడాదికి 1,44,000 రూపాయలు. భవిష్యత్తులో పెరగగల ఆదాయం కింద, 40 ఏళ్లలోపు స్వయం ఉపాధి గలవారికి 40 శాతం కలపాలని 2017లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. అప్పుడది 2,01,600 రూపాయలవుతుంది. వయసును బట్టి ఈ మొత్తాన్ని ఎన్ని రెట్లు చేయాలో 2009 నాటి తీర్పులోని పట్టిక చెబుతుంది. 31 నుండి 35 ఏళ్లవారికి 16 రెట్లు. అంటే 32,25,600 రూపాయలు. ఇక్కడ అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఇందులో ఎంత శాతం నష్టంగా పరిగణించాలి?

వైద్యుని ధ్రువపత్రం మొత్తం శరీరానికి 20 శాతం వైకల్యమని చెబితే, కేవలం ఆ అంకెనే తీసుకుంటే వచ్చేది 6,45,120 రూపాయలు. కాని వల లాగలేని కలాసీని ఏ బోటు యజమాని వేటకు తీసుకువెళతాడు? అతని జీవనోపాధిలో 80 శాతం పోయిందని ట్రిబ్యునల్ గుర్తిస్తే అదే గాయానికి వచ్చేది 25,80,480 రూపాయలు. రెండింటి మధ్య 19 లక్షలకు పైగా తేడా ఉంది. గాయం ఒక్కటే, చెయ్యి ఒక్కటే. కొలిచే పద్ధతి మాత్రమే మారింది.

ఏ పద్ధతి సరైనదో 2010లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. శరీర వైకల్య శాతం, సంపాదన శక్తిలో కలిగిన నష్టశాతం ఒకటి కావని చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరు గాని వడ్రంగి గాని తన వృత్తిని దాదాపు పూర్తిగా కోల్పోవచ్చు. అదే గాయమైన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు. కనుక గాయం తర్వాత ఏ పని చేయగలడు, ఏది చేయలేడు అన్నది విచారించాలి. ఈ సూత్రం హార్బర్‌కు అచ్చంగా సరిపోతుంది. కాలు నిలకడ లేనివాడు ఊగే పడవ మీద నిలువలేడు. మెడ నొప్పి గల స్త్రీ తలపై గంప మోయలేదు. డాక్టరు కాగితంలో ఇవి చిన్న అంకెలుగా కనిపించవచ్చు. బ్రతుకులో మాత్రం చిన్నవి కావు.

సూత్రం ఉన్నంత మాత్రాన ఫలితం దక్కదు. హార్బర్‌లో జీతపు చీటీలు ఉండవు. కలాసీకి అందేది వేట మీద వాటా. ఒక నెల బాగుంటుంది, మరొక నెల డీజిల్ ఖర్చులకే సరిపోతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలమ్మే స్త్రీ రాబడి ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆదాయానికి రుజువేదని ఎదుటి పక్షం న్యాయవాది అడిగినప్పుడు వారు నిరుత్తరులవుతారు. 2014లో సుప్రీంకోర్టు, ప్రమాదంలో కాలు కోల్పోయిన ఒక కూరగాయల వర్తకుని కేసులో, అటువంటివారి నుండి ఆదాయ పత్రాలు ఆశించడం సమంజసం కాదని చెప్పి, నెలకు 6,500 రూపాయలుగా ఆదాయాన్ని స్వీకరించింది. ఈ ఉదారదృష్టి ప్రశంసనీయం. అయినా కాగితం ఉన్నచోట వాదం బలపడుతుందన్నది కాదనలేని సత్యం. బోటు యజమాని వాటాలు రాసుకునే పుస్తకం, బ్యాంకు ఖాతా, మత్స్యశాఖ గుర్తింపు కార్డు, వేలంలో సరుకు కొన్న చీటీ, ఇవన్నీ ఒకనాడు సాక్షులవుతాయి.

కొన్ని సంగతులు తెలియకపోవడం వల్లనే హక్కు చేజారిపోతుంది. సరుకు రవాణా ఆటోలో ప్రయాణించే స్త్రీల విషయం ఇందుకు నిదర్శనం. సరుకు వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు చట్టరీత్యా తప్పనిసరి అయిన బీమా వర్తించదు. తన సరుకుతో పాటు వెళ్లే యజమానికి, అతని ప్రతినిధికి వర్తిస్తుంది. అంటే ఆ ఆటోలో ఉన్న గంప ఎవరిదన్నది కేసులో ముఖ్యమైన అంశమవుతుంది. పోలీసులకు ఇచ్చే మొదటి వాంగ్మూలంలోనే ఆ మాట చేరాలి. అలాగే 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణల ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి. ఈ గడువును సవాలు చేస్తూ కొందరు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఏమైనా ఆలస్యం చేయకపోవడమే వివేకం. ప్రమాదస్థలంలోనే కాక, బాధితుడు నివసించే చోట కూడా దరఖాస్తు చేయవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వచ్చి ఇక్కడ పనిచేసేవారికి ఇది ఎంతో ఊరట. ఢీకొట్టి ఆగకుండా పోయిన గుర్తుతెలియని వాహనం వల్ల తీవ్రంగా గాయపడినవారికి 50,000 రూపాయలు, మరణిస్తే వారి కుటుంబానికి 2 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది.

ఇవేవీ తెలియనివాడు రోడ్డు పక్కనే జరిగే రాజీకి లొంగిపోతాడు. నాలుగు వేలో, ఐదు వేలో చేతిలో పెట్టి, కేసు ఎందుకు అంటారు. ఎముక లోపల ఎంత విరిగిందో ఆ క్షణాన ఎవరికీ తెలియదు. ఆ తర్వాత చికిత్స నెలల తరబడి సాగుతుంది. అప్పుడు బాధపడడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రాజీ తప్పు కాదు. లోక్ అదాలత్‌లలో ఎన్నో వివాదాలు త్వరగా పరిష్కారమవుతున్నాయి. అయితే లోక్ అదాలత్ నిర్ణయం మీద అప్పీలు ఉండదు. కనుక తనకు న్యాయంగా రావలసినది ఎంతో లెక్క కట్టుకున్న తర్వాతనే సంతకం చేయాలి. న్యాయవాదిని పెట్టుకోలేమన్న భయం కూడా అనవసరం. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, అల్పాదాయ వర్గాలకు ఉచిత న్యాయ సహాయం కల్పించింది. వచ్చిన సొమ్ములో వాటా ఇవ్వాలని న్యాయవాది షరతు పెట్టడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి.

పరిహారాలు పెరిగితే దొంగ దావాలు పెరుగుతాయనీ, ఆ భారం బీమా ప్రీమియం రూపంలో అందరి మీద పడుతుందనీ వాదించేవారున్నారు. దొంగ దావాలు లేకపోలేదు. వాటిని కఠినంగా శిక్షించవలసిందే. కాని ఒకడు మోసం చేశాడని నిజమైన బాధితుని అనుమానించడం న్యాయం కాదు. ఇక భారం మాటకు వస్తే, గాయపడినవాని నష్టం ఎక్కడికీ పోదు. అందరూ తలా కొంచెం పంచుకోకపోతే అదంతా ఒకే కుటుంబం నెత్తిన పడుతుంది. ఆ ఇంటి పిల్లవాడు బడి మాని జెట్టీకి వస్తాడు. ఆ ఇల్లాలు అధిక వడ్డీకి అప్పు చేస్తుంది. బీమా పుట్టిందే ఒకరి కష్టాన్ని పదిమంది పంచుకోవడానికి.

విద్యార్థులారా! మత్స్యకార కుటుంబాలలో చదువు అందుకున్న మొదటి తరం మీలో ఎందరో ఉన్నారు. మీ ఇంట, మీ వీధిలో ప్రమాదం జరిగినప్పుడు పెద్దలు మీ చేతికే కాగితం ఇస్తారు. వాహనం నంబరు రాసుకోండి. పోలీసుల ప్రథమ సమాచార నివేదిక నకలు అడిగి తీసుకోండి. ఆసుపత్రి కాగితాలను, మందుల బిల్లులను తేదీల వారీగా భద్రపరచండి. గాయపడినవారు మునుపు ఏ పని చేసేవారో, ఇప్పుడు ఏది చేయలేకపోతున్నారో వైద్యునికి, న్యాయవాదికి వివరంగా చెప్పండి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడానికి వెనుకాడకండి. అలా సాయపడినవారికి చట్టం రక్షణ కల్పించింది. 2025లో వచ్చిన పథకం ప్రకారం ప్రమాద బాధితునికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల పరిమితిలో నగదు చెల్లించకుండానే చికిత్స లభిస్తుంది.

వేలంపాటలో ప్రతి చేపకూ ఒక ధర పలుకుతుంది. ఆ చేపను పట్టిన చేతి విలువను ఎవరో తోచినట్లు పాడే స్థితి మారాలి. ఆ చేతి కష్టాన్ని కాగితం మీదికి ఎక్కించగలిగేది అక్షరం నేర్చిన చేయి మాత్రమే.