పంజరం కింద కాగితం

వీధిలో చిలక మన జాతకం చెబుతుంది. మరి చిలక జాతకమో? పంజరం కింద కాగితంమీద ఉంటుంది! ముక్కు మూసుకోకండి బాబూ, కాస్త వినండి.

మా ఇంట్లో ఉన్నవి బడ్జీలు, అదే, మనవాళ్లు లవ్‌బర్డ్స్ అనే బుల్లి ఆస్ట్రేలియా చిలకలు. రోజూ తెల్లకాగితం పరుస్తాను. రెట్టలో మూడుంటాయి: ఆకుపచ్చటి మలం, సున్నంలాంటి తెలుపు, కాస్త నీరు. కీరా, జామ ఎక్కువ తిన్నరోజు నీరెక్కువ. అది విరేచనం కాదు. బీట్‌రూట్ తింటే ఎర్రగా వేస్తుంది, రక్తమని గగ్గోలు పెట్టకండి. అవి మానేస్తే మామూలైపోతుంది.

కానీ ఆ తెలుపు పసుపో ఆకుపచ్చో అయినా, గింజలు అరక్కుండా అలాగే పడినా, తిండి మానేసి ముదురురంగులో కాస్తంతే వేసినా వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. జబ్బు దాచడంలో చిలకలు మన మహానటుల్ని మించినవి. రెక్కలు ఉబ్బించి మూల కూర్చునేదాకా ఆగితే ఆలస్యమైపోవచ్చు.

ఉత్త గింజలే పెడితే కొవ్వు పడుతుంది. ఆకుకూర, కేరట్ కూడా పెట్టండి. చాక్లెట్, అవకాడో మాత్రం విషం.

అన్నట్టు, మన రామచిలకని పెంచుతానంటారేమో! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దాన్ని జామచెట్టుమీదే చూసి మురిసిపోదాం!